బావగారి ఓటు, అక్క మాత్ర

మా బావగారు బ్రిటన్‌లో ఉన్నప్పుడు, యూరప్ కూటమిలోంచి ఆ దేశం బయటికి వచ్చేయాలని ఓటు వేశారు. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకీ అక్కడ ఓటుంది. బయటి దేశాలవాళ్ళు మరీ ఎక్కువైపోయారని ఆయన బాధ. కాకినాడ నుంచి వెళ్ళిన మనిషి. ఇందులో నవ్వాల్సిందేముందో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత అక్కడ మా అక్క వేసుకునే ఫిట్స్ మాత్రలు మధ్యమధ్యలో దొరకడం మానేశాయి.

"ఓటు వేసేశారు సరే, ఇక నేనేం వేసుకోమంటారు?" అనేది అక్క.

కొరతకు కారణం అదేనా అని టీవీలో పెద్దలు తేల్చలేకపోయారు. మా ఇంట్లో మాత్రం వెంటనే తేలిపోయింది.

తర్వాత ఇద్దరూ ఆస్ట్రేలియాలో నేనుండే వెర్రిబీకి వచ్చేశారు, మా పక్క వీధికే. మొన్న చలికాలంలో ఇక్కడి కెమిస్ట్ కూడా అదే మాత్రకు స్టాక్ లేదన్నాడు. ఎప్పుడొస్తుందంటే భుజాలెగరేశాడు. బావగారు కారెక్కేలోపే మొదలుపెట్టారు.

"చూశావా బావమరిదీ? ఆస్ట్రేలియా దేంట్లోంచి బయటికొచ్చిందయ్యా? ఇది గ్లోబల్ సప్లై ఇష్యూ. మీ అక్కకి చెప్పు."

"కంగ్రాట్స్ బావగారూ. ఇక మాత్ర వెతుకుదామా?"

వెతికాం. ప్రతి షాపులోనూ ఆయన వాదనకు బలం చేకూరింది. పక్క పేట పాయింట్ కుక్ చేరేసరికి ఆయన మాట్లాడ్డం మానేశారు.

చివరికి డాక్టరు వేరే మాత్ర రాశారు. అది పడుతుందో లేదో తెలిసేదాకా కారు నడపొద్దన్నారు, బాత్‌రూమ్ గడియ పెట్టుకోవద్దన్నారు. అక్కకు ఫిట్స్ వచ్చి ఏళ్ళయింది. ఇప్పుడు ఒక్కసారి వచ్చినా, ఆ ఏళ్ళన్నీ పోయినట్టే. కారు తాళాలు నా చేతిలో పెట్టింది.

"ఒరేయ్, రేపట్నుంచి నా డ్రైవరువి నువ్వే. టైముకి రా, రేటింగ్ ఇస్తాలే."

మర్నాడు పొద్దున వెళ్ళేసరికి బాత్‌రూమ్ తలుపు బయట బావగారు డైనింగ్ కుర్చీ వేసుక్కూర్చుని ఉన్నారు. చేతిలో ఫోన్. అందులో బ్రిటన్‌వాళ్ళెవరో మళ్ళీ కూటమిలో చేరాలా వద్దా అని కొట్టుకుంటున్నారు. సౌండ్ తీసేసి ఉంది. లోపల నీళ్ళ చప్పుడు ఆగింది.

"ఉన్నావా?" అన్నారాయన తలుపు వైపు తిరిగి.

"ఉన్నానండీ. బయటికెళ్ళిపోతానని ఓటేసింది మీరు, నేను కాదు."

ఆయన నావైపు చూశారు. నాకు వాళ్ళింటి సీలింగు మీద హఠాత్తుగా ఆసక్తి కలిగింది. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, కుర్చీని తలుపుకు ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నారు. కాసేపాగి మళ్ళీ అడిగారు.