మూడో రోజు రక్తం

అంకిసలో భూదేవి నాటు వేసిన మడికి పేరుంది. ముప్పై ఆరేళ్లు నిండినా ఆమె కడుపు మాత్రం పండలేదు. ఇరవై ఏడేళ్ల తోటికోడలు అరుణశ్రీకీ పిల్లలు లేకపోవడంతో ఇన్నాళ్లూ ఇద్దరికీ పొత్తు కుదిరింది. 2007 యాసంగి నాట్ల కాలంలో రెండు అంకెలు ఆ పొత్తును చెడగొట్టాయి.

నెలసరి మూడో రోజున వచ్చి ఎఫ్‌ఎస్‌హెచ్ పరీక్షకు రక్తం ఇమ్మని గోదావరి అవతలి వరంగల్ డాక్టరమ్మ ఇద్దరికీ చెప్పింది. అండాలు తగ్గేకొద్దీ, అండాశయాన్ని కదిలించడానికి మెదడు కింది గ్రంథి ఈ హార్మోన్‌ను మరింతగా పంపుతుంది. అంకె పెరిగిందంటే అండాశయం ముదురుతోందని అర్థం. అరుణశ్రీకి ఆరు వచ్చింది. భూదేవికి పంతొమ్మిది.

ఆనాటి నుంచి తోటికోడలు నవ్వినా, జడ వేసుకున్నా భూదేవికి ఆ ఆరే కనిపించేది.

"నీకేంది పిల్లా, వయసున్నది," అంది ఒకనాడు బట్టలు ఉతుకుతూ.

"వయసొక్కటే కాదక్కా, ధైర్యం గూడ గావాలె. ఈ ఒడ్డునే ఉన్న రేగుంటకు, అమ్మగారింటికని చెప్పి మూడో రోజే పడవెక్కిన. గోదారమ్మ ఏమన్లే!"

నెలసరిలో గోదావరి దాటకూడదన్నది ఆ ఇంటి కట్టుబాటు. భూదేవి కుళ్లు ఆపుకోలేక అత్త రాజుబాయి చెవిన వేసింది.

"గంగమ్మను మైల జేస్తవా! ఇగ ఆ దినాలల్ల ఏ కోడలు గూడ గడప దాటొద్దు," అని రాజుబాయి గర్జించింది.

తిట్లు తిన్న అరుణశ్రీ నేరుగా భూదేవి దగ్గరికి వచ్చింది. "చాడీలు బాగనే చెప్పినవక్కా. మరి నువ్వు ఏ రోజు పోయినవ్? నడుమ రోజులల్ల ఇస్తే ఎవ్వలకైనా ఎక్కువ ఒస్తదని డాక్టరమ్మ చెప్పలే?"

తలస్నానమై, నాట్లు కూడా ముగిశాక, పదమూడో రోజున వెళ్లింది భూదేవి. అండం విడుదలయ్యే ముందు ఆ హార్మోన్ సహజంగానే ఎగబాకుతుంది. పరీక్ష గదిలో అడిగితే మాత్రం "మూడో రోజు" అని అబద్ధం చెప్పింది. నిజమైన మూడో రోజున ఇల్లు కదలకుండా ఇప్పుడు తానే తలుపు మూసుకుంది.

మరుసటి నెల భూదేవి నెలసరి సంగతి అత్తకు దాచి, మూడో రోజున అరుణశ్రీ ముందు నిలబడింది. "నన్ను జర దాటియ్యి, పిల్లా."

"ఇయ్యాల గోదారమ్మకు మైల గాదా?" అని దెప్పినా, రేగుంటలో పని ఉందని అత్తతో చెప్పి అరుణశ్రీ ఆమె వెంట నడిచింది. సిరొంచ రేవులో భూదేవి కళ్లు మూసుకుని పడవెక్కింది.

సాయంత్రానికి వరంగల్‌లో అంకె తొమ్మిది వచ్చింది. "అండాలు తగ్గినయ్ గని అయిపోలేదు, ఆలస్యం చెయ్యకు," అంది డాక్టరమ్మ.

తిరుగు బస్సులో అరుణశ్రీ ఆమె చెయ్యి పట్టుకుని సంబరపడింది. భూదేవీ నవ్వింది. అయినా మనసు మాత్రం తొమ్మిదిలోంచి ఆరు తీసేసి, మిగిలిన మూడు దగ్గరే ఆగిపోయింది.