బతికున్న పెద్దత్తయ్యగారి దయ్యం

బతికున్న మనిషిని దయ్యంగా మార్చి, ఊరంతా చాటి, చివరికి ఆ దయ్యం చేతే చీవాట్లు తిన్న కోడలిని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను. నవ్వితే నవ్వండి గానీ, ఆ వానాకాలం నేను పడ్డ భయం మీరు పడి ఉంటే ఇప్పటికీ మంచం దిగేవారు కాదు.

తొంభైల చివరి మాట. పెళ్లయి రాజోలు వచ్చి ఏడాది తిరగలేదు. మా ఆయన ఉద్యోగం కాకినాడలో, ఆదివారాలే వచ్చేవారు. ఇంట్లో నేనూ, మా అత్తగారు సుగుణమ్మగారూ. ఆవిడ రిటైరైన టీచరు. ఏళ్ల తరబడి కీళ్లవాతం; వేళ్లు అల్లం కొమ్ముల్లా వంకర్లు తిరిగిపోయాయి. ఆ ఏడు కొత్త వింత మొదలైంది. నడుస్తూ నడుస్తూ చెప్పు జారిపోయినా ఆవిడకు తెలిసేది కాదు.

"అమ్మాయ్, నా పాదాలు ఎవరో ఎత్తుకుపోయేరే" అన్నారొకరోజు, నేలకేసి చూస్తూ.

అమలాపురం డాక్టరుగారు చూసి జబ్బు నరాలకు పాకిందన్నారు. స్టెరాయిడ్ మాత్రలు పెద్ద మోతాదులో రాసి, "ఏ తేడా కనిపించినా వెంటనే తీసుకురండి" అన్నారు. మెల్లగా పాదాలకు స్పర్శ తిరిగి రాసాగింది. సంబరపడ్డాను.

అంతలో ఒక మధ్యాహ్నం, బయట ముసురు. కొబ్బరాకుల మీంచి నీళ్లు కారే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. వరండాలో అత్తగారి గొంతు వినిపించింది.

"తల తుడుచుకో అక్కా, తడిసిపోయేవు."

వెళ్లి చూస్తే ఎదురుగా ఖాళీ కుర్చీ.

"ఎవరండీ అత్తయ్యగారూ?"

"మా దీనక్కే. కనబడట్లేదా? నిన్నే చూస్తోంది."

ఒళ్లు చల్లబడిపోయింది. ఎందుకంటే, కొత్తలో తోబుట్టువుల గురించి అడిగితే, "మా అక్కా? నాకెప్పుడో పోయింది" అని ముఖం తిప్పుకున్నారావిడ. పోయిందంటే మీరైతే ఏమనుకుంటారు చెప్పండి!

బుద్ధున్న కోడలైతే డాక్టరుగారికి చెబుతుంది. నేను పక్కింటి రత్నం పిన్నిగారికి చెప్పాను.

"ఆయ్, రక్తసంబంధం అలాంటిదమ్మా, మట్టిచేసినా ఆగదు. ఏ రంగు చీర కట్టుకొచ్చిందేంటి?" అన్నారావిడ.

అది మొదలు దీనమ్మగారు రోజూ వచ్చేవారు. అత్తగారు రెండు గ్లాసుల టీ పెట్టించేవారు. ఖాళీ కుర్చీ ముందు ఒకటి పెట్టి పారిపోయేదాన్ని. తిరిగొస్తే రెండూ ఖాళీ! (రెండోదీ అత్తగారే తాగేవారని తట్టేంత తెలివి అప్పట్లో నాకు లేదు.) రత్నం పిన్నిగారి పుణ్యమా అని వార్త ఆటోలెక్కి, గోదావరి దాటి, గంగవరం దాకా పోయింది.

ఒక సాయంత్రం దీపాల వేళ వరండాలోకి వచ్చాను. ఆ కుర్చీ ఖాళీగా లేదు. తెల్లచీర, తడిజుట్టు, అచ్చంగా అత్తగారి ముఖమే. కళ్లార్పకుండా నన్నే చూస్తోంది. బల్ల మీది బైబిలు లాగి ముందుకు చాపాను.

"యేసయ్యా! పో! పో ఇక్కణ్ణించి!"

"ఆ బైబిలు దించు. అందులో సగం నాకు కంఠతా వచ్చు" అంది దయ్యం. "నన్ను చంపిన మహాతల్లివి నువ్వేనా? గంగవరంలో నన్ను చూసి జనం పరుగెడుతుంటే సంగతేంటో చూద్దామని వచ్చేను."

ఏదో పెళ్లిలో మాటామాటా పెరిగి, అక్కచెల్లెళ్లకు ఏళ్లుగా పలకరింపుల్లేవట. ఆ 'పోవడం' ఇదన్నమాట. ఖాళీ కుర్చీ కథంతా నా చేత చెప్పించుకుని దీనమ్మగారు అడిగారు.

"ఎన్నాళ్లనించి ఇలా లేని మనుషులతో మాట్లాడుతోంది?"

"కొత్త మాత్రలు మొదలెట్టినప్పట్నించండి."

"డాక్టరుకి చెప్పేవా?"

"పక్కింటి పిన్నిగారికి చెప్పానండి."

మర్నాడు ముగ్గురం అమలాపురం వెళ్లాం. "ఆ మాయదారి మాత్రలు ఆపేస్తానండీ" అన్నాను. డాక్టరుగారు కుర్చీలోంచి లేచినంత పనిచేశారు.

"పొరపాటున కూడా ఆపకండి! హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది. కీళ్లవాతం వల్ల నరాలకు రక్తం అందించే సన్నటి గొట్టాలు వాచాయి, అందుకే పాదాలు మొద్దుబారాయి. ఈ మాత్రే ఆ వాపు దించుతోంది. కాకపోతే పెద్ద మోతాదులో కొందరికి బుర్ర మీద పనిచేసి లేనివి చూపిస్తుంది. మొదటిరోజే చెప్పాల్సింది కదమ్మా!"

మోతాదు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, తోడుగా వేరే మందు రాశారు. గాలిలోని దీనమ్మగారు రావడం మానేశారు. అసలు దీనమ్మగారు మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయారు. అత్తగారి కాలివేళ్లు కాస్త మొద్దుగానే మిగిలాయి గానీ, నడక కుదుటపడింది.

ఒకరోజు అత్తగారు నన్ను దగ్గరికి పిలిచి చెవిలో అడిగారు.

"అమ్మాయ్, అక్కడ కూచున్న మనిషి నీకూ కనబడుతోందా?"

"ఆయ్, కనబడుతున్నారండీ."

"హమ్మయ్య! అయితే దాంతో పోట్లాడొచ్చు" అని గొంతు సవరించుకున్నారు.

ఆ క్షణమే నేను ఘోర ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట ఎవరైనా పోయారంటే, ఎక్కడికి పోయారో కనుక్కోకుండా చచ్చినా చంపను.