మంటను ముట్టకుండా అడిగిన సారు

పోయిన వారం మా ఫిజిక్స్ సారు గుండె ఆగి పోయారు. ఇంకా దినాలు కాలేదు. ఆయన పాఠం చెప్పిన జనగామ ప్రైవేటు కాలేజీ కరస్పాండెంట్ అప్పుడే ఆయన గది ఖాళీ చేయించి, సారు సొంతంగా కట్టుకున్న లేజర్ బల్లను వరండాలో పడేయించాడు. సోమవారం పది గంటలకు పాత సామాను బండి వచ్చి తీసుకుపోతుందట. ఇది అన్యాయం. దీన్ని మెత్తగా రాయడం నాకు రాదు.

ఆ బల్ల మీద ఒక లేజర్, ఒక గాజు కడ్డీ, ఒక కెమెరా ఉంటాయి. కడ్డీలోంచి పోయిన వెలుగు పలుచని తెరలా పరుచుకుంటుంది. ఆ తెరలో పొగ రేణువులు మెరుస్తాయి. వెంటవెంటనే రెండు ఫోటోలు తీసి, రేణువులు ఎంత జరిగాయో చూస్తే గాలి ఎటు, ఎంత వేగంగా పోతోందో తెలుస్తుంది.

"మంటల పుల్ల పెట్టి అడిగితే మంటనే మారిపోతది. ముట్టకుండ అడుగాలె," అనేవారు సారు.

ఒకసారి పొగకు బదులు నేను చాక్‌పీసు పొడి చల్లాను. అంతా కిందికే రాలింది. "బరువైంది గాలి మాట చెప్పదు బిడ్డా, దాని మాటే అది చెప్తది. నీ కరపత్రం లెక్క," అన్నారు. అంతకు ముందు రోజే నేను ఘాటుగా రాసిన కరపత్రం ఒకటి ఆయనకు చూపించాను. వారం రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాత్రం రోజూ నా చాయ్ పక్కన పెట్టి మూత వేసేవారు.

లేజర్ వేసే ముందు సారు గడియారం, ఉంగరం తీసి జేబులో వేసుకునేవారు. మెరిసేదాని మీద పడితే వెలుగు తిరిగొచ్చి కళ్లలో కొడుతుంది. మాకూ అదే కట్టడి. అందుకే నర్సింహులపేట దగ్గరి తండాలో నేను నోరు పారేసుకున్నాను. పొయ్యి పొగకు దగ్గుతున్న ఒక అవ్వ ఇంటికి బల్ల మోసుకుపోయాం. ఆమె రవిక నిండా అద్దాలు, మోచేతుల దాకా గాజులు.

"అవ్వా, గవన్నీ తీసేసి రాపో," అన్నాను.

"పెండ్లప్పటి గాజులు. నీ బుడ్డి లైటుకోసం తీయాల్నా?"

సారు నా వైపు చూడలేదు. "నువ్వేం తీయకు అవ్వా. జర తలుపుకాడ కూసో. మా పెట్టెనే తిప్పుకుంటం."

గంటసేపు బల్లంతా విప్పి, వెలుగు గోడ వైపు పోయేలా మళ్లీ బిగించారు. గోడకు నల్లగుడ్డ కట్టారు. పొయ్యి పక్క మట్టి తీసి, లోపలి పొగ కనిపించేలా వేడికి ఓర్చే గాజు పలక పెట్టారు. ఫోటోల్లో కనిపించింది: గిన్నె అడుగు పొయ్యికి అతుక్కుపోయి, పొగకు తోవ లేక అవ్వ ముఖం మీదికే మళ్లుతోంది. గిన్నె కింద మూడు పెంకు ముక్కలు పెట్టాక ముందుకొచ్చే పొగ తగ్గింది.

"గింతదానికి గింత సామానా సారూ?"

"ఏడ అడ్డం పడ్డదో ముందుగాల తెల్వాలె కద అవ్వా."

ఆ తర్వాత టేకుమట్ల దాకా కబురు పోయింది. పొయ్యి చూడాల్సిన ఇళ్లవాళ్ల పేర్లు సారు నోటుబుక్కులో ఇంకా ఉన్నాయి. బల్ల పోతే అవి పేర్లుగానే మిగులుతాయి.

సోమవారం ఉదయం తొమ్మిదికి కాలేజీ గేటు దగ్గరికి రండి. బల్ల మాకిస్తున్నట్టు సారు భార్య రాసిచ్చిన కాగితం నా దగ్గరుంది. తరిగొప్పులలో మా పెద్దమ్మ బల్ల కోసం ముందరి గది ఖాళీ చేసింది. నినాదాలు రాసిపెట్టాను కానీ తేవడం లేదు. మీరు పాత దుప్పట్లు తెండి, కెమెరాను చుట్టాలి. ట్రాలీ ఆటోలో నలుగురు బల్లను పట్టుకోవాలి. దారంతా గతుకులే, గాజు కడ్డీని ఒకరు ఒడిలో పెట్టుకుని కూర్చోవాలి.