హన్మాండ్లన్న తుఫాను బుడ్డి

మా హన్మాండ్లన్న ‘తుఫాను’ అనని వారం లేదు. ఆ తుఫాను మాత్రం ఒక్కసారే వచ్చింది. సౌదీలో, అల్ అజీజియాలోని మా గదిలో తెల్లారితే అందరం ఫోన్లు చూసుకుంటాం, ఆయన బుడ్డి చూసుకుంటాడు.

ఎవరో ఇంజనీరు దేశం వెళ్తూ పారేసిన అలంకారపు సామాను అది. అన్నివైపులా మూసేసిన, నీటిచుక్క ఆకారపు గాజు బుడ్డి, లోపల ఏదో మందునీళ్లు. అందులో తెల్లటి పలుకులు లేస్తే తుఫానట.

“ఉత్త షోకు సామానన్నా అది!”

“నీకేం ఎరుకరా నాగేందర్? ఊళ్లె ఉసిల్లు లేస్తే వాన అంటుండె మా నాయిన. ఈడ ఉసిల్లు లేవాయె. గందుకే బుడ్డి!”

బుడ్డి చాలని రోజు చాయ్ నురగలో కూడా ఆయనకు గాలిదుమారం కనిపించేది.

మా ఫోర్‌మన్ ఇమ్రాన్ పాకిస్తానీ. దేనికీ కరగని మనిషి. కానీ ఒకసారి హన్మాండ్లన్న జోస్యం ఫలించి, ఖాళీ పరంజా గాలికి కుప్పకూలింది. అప్పట్నుంచి బుడ్డిలో పలుకు లేస్తే ఎవర్నీ పైకి ఎక్కనివ్వడు.

పోయిన నెల మా ఆవిడ ప్రేమలతను కాన్పుకు జగిత్యాల ఆసుపత్రిలో చేర్చారు. బిడ్డ అడ్డం తిరిగిందన్నారు. ఆ తర్వాత అటునుంచి ఎవరూ ఫోనెత్తలేదు. నాకేమో ధహ్రాన్‌లో ఆరో అంతస్తు బయట రంగు పని. సెలవడిగితే ఇమ్రాన్ “కల్ దేఖేంగే” అని రేపటికి తోసేశాడు. రాత్రంతా కన్ను మూయకుండా ఫోను కలుపుతూనే ఉన్నాను. ఆ నిద్రలేని కళ్లతో పరంజా ఎక్కితే నేనే రాలిపోతానని భయం వేసింది.

పొద్దున బస్సులో హన్మాండ్లన్న నా ముఖం ఒకసారి చూశాడు. తర్వాత దారి పొడుగునా బుడ్డిని ఏసీ గాలికి ఆనించి పట్టుకున్నాడు.

“ఏందన్నా అది?”

“బుడ్డికి ఉడకపోస్తున్నదిరా. సప్పుడు జెయ్యకు.”

బస్సు దిగేసరికి చల్లబడ్డ బుడ్డి నిండా తెల్లటి పలుకులు!

“ఇమ్రాన్ భాయ్, ఆజ్ తూఫాన్ పక్కా!”

ఇమ్రాన్ ఆకాశం కేసి చూశాడు. మచ్చుకైనా మబ్బు లేదు. “కహాఁ హై?”

“రాస్తే మే హై!” దారిలో ఉందట.

తిట్టుకుంటూనే అందర్నీ కింది పనికి మళ్లించాడు. రంగులు కలుపుతుంటే ఫోను మోగింది. ఆడపిల్ల. తల్లీపిల్లా క్షేమం! రంగు చేతులతోనే కళ్లు తుడుచుకున్నాను.

అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకు. మా గదిలో ఉండే భూషణానికి జ్వరమొచ్చిన రోజు తుఫానన్నాడు. పక్క మంచం ఉదయకిరణ్ వాళ్ల నాయన పోయిన మర్నాడు తుఫానన్నాడు. ఏ ఒక్కటీ రాలేదు. వాళ్లూ పరంజా ఎక్కలేదు.

మర్నాడు నిజంగానే ఇసుక తుఫాను వచ్చి మా మీద పడింది. రంగు డబ్బాలు దొర్లిపోయాయి. ఇవాళెందుకు చెప్పలేదని గోడచాటున నక్కి ఇమ్రాన్ అరిచాడు: “అరే హన్మాండ్లూ! ఆజ్ క్యోఁ నహీఁ బతాయా?”

హన్మాండ్లన్న నోట్లో ఇసుక ఉమ్మేసి, నా చెవిలో విసుక్కున్నాడు.

“పొద్దుగాల అందరి మొఖాలు మంచిగనే ఉండె గదరా! తుఫానొస్తదని నాకెట్ల ఎరుకైతది?”