వంకర బీడీలు చేసిన చిన్నమ్మ

చిన్నమ్మ పోయిన కబురు ఆమె మనుమరాలే ఫోన్ చేసి చెప్పింది. నేను అప్పుడే క్లాసు ముగించుకుని స్టాఫ్ రూంలోకి వచ్చాను. ఫోనులో ఆ పిల్ల వెనక ఎవరో మైకులో చీరల ఆఫర్లు చదువుతున్నారు.

"అత్తా, నాయినమ్మ పోయిందట. నేను డ్యూటీల ఉన్న. మేనేజర్ ఇంకా రాలే, ఆయనొచ్చి పొమ్మంటేగాని పోరాదు. నువ్వు జర ముందుగాల పోతవా?"

ఆ గొంతులో ఏడుపు లేదు. ఏడవడానికి కూడా ఎవరో వచ్చి సరేననాలన్నట్టు ఆగి ఉంది.

ఆ పిల్ల పొద్దున నిజామాబాద్‌లో మా కాలేజీలోనే డిగ్రీ చదువుతుంది. మధ్యాహ్నం నుంచి షోరూంలో నిలబడి చీరలు విప్పి చూపిస్తుంది. ఆఖరి బస్సుకు బోధన్‌లో ఇంటికి చేరుతుంది. కాలేజీలో నన్ను మేడం అంటుంది, మా గల్లీలో అత్త అంటుంది. ఆ పిల్ల కంటే ముందు నేనే శవం దగ్గరికి చేరాను. అది నాకింకా మింగుడుపడటం లేదు.

చిన్నమ్మ అంటున్నాను గానీ మాకు రక్తసంబంధం లేదు. బోధన్‌లో మా పుట్టింటికీ ఆమె ఇంటికీ గోడ ఒకటే. ముప్కాల్ నుంచి కోడలిగా వచ్చిన నాటి నుంచి మా అమ్మ పక్కన అరుగు మీద కూర్చుని బీడీలు చేసింది. ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారపు ఉండ. జీవితమంతా ఆ చాట ముందు గడిపిన మనిషి ఒక్క బీడీ కూడా తాగలేదు.

నేను డిగ్రీలో చేరిన ఏడాది మా బాపుకు చక్కెర ఫ్యాక్టరీలో పని పోయింది. ఆ చలికాలంలోనే అమ్మకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఇక ఇంటికి మిగిలిన ఆధారం అమ్మ పేరు మీదున్న బీడీ కార్డు. ఆ కార్డుంటేనే పని, పింఛను, దవాఖాన. చెయ్యి పడిపోయిందని తెలిస్తే కార్డు తీసేస్తారు. అందుకని అమ్మ చాట నా ఒడిలోకి వచ్చింది. అమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్నదాన్ని గనుక నా బీడీ అమ్మ బీడీలాగే ఉండేది. ఆకు ఇచ్చి బీడీలు లెక్కపెట్టి తీసుకునే టేకేదారుకు అనుమానం రాలేదు.

తెల్లవారకముందే లేచి ఆకు కత్తిరించడం, పది గంటలకు కాలేజీ, సాయంత్రం వచ్చీ రాగానే చాట. హాజరు తగ్గితే స్కాలర్‌షిప్పు పోతుంది. బీడీలు తగ్గితే కార్డు పోతుంది. క్లాసులో లెక్చరర్ నోరు కదలడం కనిపించేది, మాట వినిపించేది కాదు. పక్కన కూర్చున్న అమ్మాయి నా దగ్గర తంబాకు వాసన వస్తోందని చెప్పకుండానే బెంచీ మారింది.

ఒకరోజు టేకేదారు నా బీడీల్లో సగం లూజుగా ఉన్నాయని ఏరి పారేశాడు. మర్నాడు పరీక్ష. ఇంటికొచ్చి చాట ముందు కూర్చున్నాను గానీ వేళ్ళు కదలలేదు. రేపటి నుంచి కాలేజీకి పోనని అన్నాను. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

చిన్నమ్మ తలెత్తకుండానే అడిగింది. "మానేసి ఏం జేస్తవే?"

"బీడీలు జేస్త."

"సక్కగ జేస్తవా? సగం పారేసిండు గద ఇయ్యాల. నీకు బీడీ సక్కగ రాదు, సదువు సక్కగ రాదు. రెండిట్ల ఒక్కటన్న రానియ్యి. బీడీలు జేసెటోళ్ళం మస్తు మందిమున్నం ఈడ, నువ్వొక్కదానివి తక్కువైనవా?"

అంటూనే నా చాటలోంచి రెండు గుప్పిళ్ళ ఆకు తన చాటలో వేసుకుంది. అంతే. ఆ పూట మొదలైనది నా డిగ్రీ అయ్యేదాకా సాగింది.

అయితే ఒక చిక్కు. ఎవరి బీడీ వారి చేతిలాగే ఉంటుంది. చిన్నమ్మ బీడీ సూదిలా నిటారుగా ఉండేది. అమ్మది నడుము దగ్గర కాస్త ఉబ్బి, దారం ఒక చుట్టు ఎక్కువతో ఉండేది. రెండూ ఒకే కట్టలో ఉంటే టేకేదారు చూడగానే పట్టేస్తాడు. అందుకని గల్లీలో అందరికంటే మంచి పనిమంతురాలైన చిన్నమ్మ, మా అమ్మ పాత బీడీ ఒకటి ముందు పెట్టుకుని, తన చేతిని తానే చెడగొట్టుకోవడం నేర్చుకుంది. తన వాటా నిటారుగా, నా వాటా వంకరగా.

"మంచిగ జేసుడు అల్కగున్నది. గీమె లెక్క ఖరాబు జేసుడే వస్తలేదు" అని విసుక్కునేది.

"నా బీడీ ఖరాబా?" అని అమ్మ వంకరపోయిన నోటితో నవ్వేది. జబ్బు చేశాక అమ్మ నవ్వింది ఆ మాటకే.

బదులుగా చిన్నమ్మ అడిగిందొకటే. "చేతులకు పనున్నది, నోరు ఖాళీనే గద? పాఠం బయటికి సదువు. నాక్కూడ పొద్దుపోతది." నేను చరిత్ర చదివేదాన్ని.

"ఆగాగు. గా రాజు మొన్ననే సచ్చిండు గదనే?"

"వాని మనుమడు చిన్నమ్మా. పేరు అదే."

"ఇంకో పేరు దొరకలేదా వాళ్ళకు? పోరగాండ్ల పానం తీయనీకి!"

అన్ని రోజులూ ఇలా గడిచాయని మీరు అనుకోవద్దు. "ఇయ్యాల నాతోని కాదు, పో" అని చాట పక్కకు నెట్టిన సాయంత్రాలూ ఉన్నాయి. అప్పుడు చీకటి పడుతుంటే ఆ కుప్పను చూసి, అమ్మ పోతే ఈ కార్డు పీడ వదులుతుందేమో అని కూడా ఒకసారి అనిపించింది నాకు. అంత అలసట. ఎట్లాగో డిగ్రీ గట్టెక్కాను, ఎమ్మే చేశాను, ఏటేటా రెన్యువల్ కోసం ఎదురుచూసే కాంట్రాక్టు లెక్చరర్నయ్యాను. ఇంతమాత్రానికేనా అని నన్ను నేను అడుగుతూనే ఉంటాను.

చిన్నమ్మకు దగ్గు ఎప్పుడు మొదలైందో చెప్పలేను. ఏళ్ళ తరబడి తంబాకు దుమ్ము పీల్చడం వల్ల ఊపిరితిత్తులు పాడయ్యాయని డాక్టర్ అన్నాక నాకు నిద్ర కరువైంది. పోయిన నెల వెళ్ళినప్పుడు ఉండబట్టలేక అడిగేశాను. "చిన్నమ్మా, నా బీడీలు జేసుట్లనే నీకిట్లయిందా?"

చాలాసేపు ఊపిరి కూడగట్టుకుంది.

"ఇవి నీ బీడీలు, ఇవి నా బీడీలని ఊపిరి ఏరి పెట్టుకుంటదానే? కొడుకు పెండ్లి, ఇల్లు, అన్నిటి దుమ్మున్నది ఇందుల. నీకు వాటా గావాల్నంటే తీసుకో."

లేదని మాత్రం అనలేదు. నేను దాన్నే పట్టుకుని వేలాడుతున్నాను. ఆ తర్వాత మనుమరాలి బట్టలు ఆరేసిన దండెం వైపు చూస్తూ అంది. "అది సదువు మానేస్తనంటుంది. ఇగ నా చేతులైతే అయిపోయినయ్ బిడ్డా."

అప్పటిదాకా ఆ పిల్ల బస్సు పాసూ ఫీజూ చిన్నమ్మ బీడీ పింఛనులోంచే వెళ్ళేవి. మనిషితోపాటు అదీ ఆగిపోయింది.

మూడో రోజు ఊరి బయట కాలువ కట్ట పక్కన చిన్నమ్మ పేర పిట్టకు పెట్టాము. విస్తరిలో ఆమెకిష్టమైన ఉడికించిన మక్క గుడాలు, అన్నం, మాంసం, పక్కన కల్లు. ఎవరో ఒక బీడీ కట్ట కూడా పెట్టబోతే కోడలు లాగి అవతల పారేసింది. "బతికినన్ని దినాలు సాలదా?"

కాకి కరెంటు తీగ మీద కూర్చుంది, దిగలేదు. కాకి ముట్టలేదంటే చిన్నమ్మ మనసులో ఏదో కోరిక ఉండిపోయిందన్నారు. కొడుకు చేతులు జోడించాడు. "అవ్వా, పోరి పెండ్లి మంచిగ జేస్త." కాకి కదలలేదు.

కోడలు ముందుకొచ్చింది. "దాని సదువు ఆపం అత్తా."

"అబద్ధాలెందుకే అమ్మా" అంది పిల్ల, మెల్లగా.

అందరూ నావైపు చూశారు. "అక్కా, నువ్వు జెప్పు. నీ మాటైతే అవ్వ ఇంటది" అన్నాడు కొడుకు. చిన్నమ్మలాగా వెనకాముందు చూడకుండా రెండు గుప్పిళ్ళు నా వైపు తీసుకోగలనా? నిజామాబాద్‌లో మా రెండు గదుల ఇంట్లో చోటెక్కడ? మా ఆయన ఏమంటాడు? వచ్చే ఏడు నా ఉద్యోగం ఉంటుందా? ఇవన్నీ తిరుగుతుండగానే నోరు అనేసింది. "చిన్నమ్మా, పిల్ల ఇగ నా ఇంట్ల ఉంటది. డిగ్రీ అయ్యేదాంక నేను జూసుకుంట." నా మాట నాకే నమ్మకంగా వినిపించలేదు. కాకి తీగ మీదనే ఉంది.

పిల్ల నన్ను చూసింది, ఫోను చూసుకుంది. "అత్తా, బస్సు టైమైంది. ఇయ్యాల గూడ రాకుంటే ఇగ పనికి వద్దే వద్దన్నరు."

స్నానం చేసిన జుట్టులోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. షోరూంలో ముడి వేసుకునే నిలబడాలి. పళ్ళ మధ్య పిన్ను కరచిపట్టుకుని, రెండు చేతులూ వెనక్కి పెట్టి తడి జుట్టు మెలితిప్పుకుంటూ కట్ట మీద నడిచిపోయింది. మేమంతా కాకిని చూడాలో ఆమెను చూడాలో తెలియక ఎండలో నిలబడ్డాం. విస్తరిలో అన్నం పైపైన గట్టిపడుతోంది.