సముద్రపు ఇసుకలో రెండో వరుస అడుగులు

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. బీడీలు చుట్టేటప్పుడు మా వాడకట్టు ఆడవాళ్లు అవే చెప్పుకుంటారు. నాకు నవ్వొచ్చేది. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ వాళ్లకు చెప్పలేదు.

మాది ఎల్లారెడ్డి. మా ఆయన అప్పుడు గల్ఫ్‌లో మేస్త్రీ పని చేసేవాడు. శుక్రవారం సెలవు. ఆ రోజు సముద్రం ఒడ్డుకు వెళ్లి, తడి ఇసుకలో తన అడుగులు ఫొటో తీసి పంపేవాడు. మొహం చూపించమంటే సిగ్గు. కింద "ఇయ్యాల గింత దూరం నడిచిన" అని రాసేవాడు.

ఆ వానాకాలం మా అత్త చనిపోయింది. ఆయన పాస్‌పోర్టు కంపెనీ వాళ్ల దగ్గర ఉంది, ఇంటికి పంపలేదు. తల్లి చితికి తమ్ముడు నిప్పు పెడుతుంటే ఆయన ఫోన్లో చూశాడు. అప్పటి నుంచి మాట తగ్గిపోయింది. పది అడిగితే ఒకటి చెప్పేవాడు. అక్కడ ఇంకెవతైనా దొరికిందేమోనని నాకు అనుమానం పట్టుకుంది.

ఒక శుక్రవారం, పొద్దు గూకకముందే, ఫొటో వచ్చింది. కింద ఏమీ రాయలేదు. నేను ఇంటి ముందు నలుగురితో కూర్చుని బీడీలు చుడుతున్నాను. ఫొటోలో ఆయన అడుగుల పక్కనే ఇంకో వరుస ఉంది. చిన్న పాదాలు, చెప్పులు లేవు. ఆడమనిషివే.

చాట పక్కన పెట్టి లోపలికి వెళ్లి ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తాడు. నోటికొచ్చినట్టు తిట్టి, నీ పక్కన నడిచిందెవరని అడిగాను. వెనక అలల చప్పుడు వినిపిస్తోంది.

"ఎవ్వలు లేరు. ఒక్కన్నే ఉన్న" అన్నాడు.

వెనక్కి వెళ్లి ఆ ఇసుకలో నువ్వే చూసుకోమని పెట్టేశాను.

రెండు రోజులు అన్నం సయించలేదు. కూర్చుంటే లేవాలని, లేస్తే బయటికి పోవాలని ఉండేది. నిమిషానికోసారి ఆ ఫొటో పెద్దది చేసి చూసేదాన్ని. మూడో రోజు మా పుట్టింటి ఊరు గాంధారి నుంచి మా అవ్వ వచ్చింది. నా వాలకం చూసి ఏమైందని అడిగితే ఫోన్ చేతికిచ్చాను. ఆమె కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"గిది నీ కాలే గదనే. చిటికెనేలు సూడు" అంది.

చిన్నప్పుడు రోలు పడి నా కుడికాలి చిటికెన వేలు పక్క వేలి మీదికెక్కింది. ఫొటోలో కుడి పాదం ప్రతి అడుగులోనూ అట్లాగే ఉంది. పక్కింటివాళ్లు గోడకు తెప్పించిన ఇసుక మీద నీళ్లు చల్లి అడుగు వేశాను. దాన్నీ ఫొటో తీసి రెండూ పక్కపక్కన పెట్టాను. తేడా కనబడలేదు. ఆయనకు కూడా పంపాను.

ఆరు నెలలకు ఇంటికొచ్చాక, పిల్లలు బడికి పోయినప్పుడు చెప్పాడు.

"ఆ శుక్రవారం తిరుగుదామని పోలె. మళ్ల రావొద్దనే పోయిన. ఆఖరిసారని నీకు ఫొటో పంపి నీళ్లల్లకు దిగిన. నడుం దాక పోయిన. అంగి జేబుల నీ ఫోన్ ఆగకుంట మోగుతనే ఉంది."

నా తిట్లు విన్నాక ఫొటో తెరిచి చూశాడట. రెండు వరుసలు. ఇసుకలో చూద్దామని ఒడ్డుకు వచ్చాడట. అక్కడ ఒక్క వరుసే ఉంది, తనదే. చీకటి పడేదాకా అక్కడే కూర్చుని, ఆ తర్వాత క్యాంపుకు వెళ్లిపోయాడట.

కామారెడ్డిలో ఫొటో స్టూడియో నడిపే అతనికి చూపించాం. రెండు ఫొటోలు కలిపిన జాడ లేదన్నాడు.

ఆ శుక్రవారం ఫోన్ చేసినప్పుడు నాకేదో అనిపించిందని చెబితే బాగుండేది. ఏమీ అనిపించలేదు. ఆయన నీళ్లలో ఉన్నాడని తెలియదు, దేవుణ్ణి మొక్కలేదు, ప్రేమగా తలుచుకోనూ లేదు. తిట్టడానికే ఫోన్ చేశాను. మరి ఆయన పక్కన నా కాళ్లు ఎట్లా నడిచాయో నాకు తెలియదు.