హంతకుడి పేరు చెప్పిన పేషెంటు

కోవిడ్ రావడానికి రెండేళ్ళ ముందు, ఉగాది దాటిన వారంలో, కర్ణాటకలో చింతామణి నుంచి ఆంధ్ర సరిహద్దు దగ్గరి బాగేపల్లి ప్రభుత్వాసుపత్రికి నాకు బదిలీ అయింది. నా హోదా నేత్రాధికారి. పేరు వింటే పెద్ద డాక్టరనుకుంటారు గానీ, కాదు. కంటి డాక్టరు చిక్కబళ్ళాపురం నుంచి వారంలో రెండు రోజులు వచ్చి కంటి ఒత్తిడి, నరాలు, ఆపరేషన్ కేసులు చూసేవారు. చూపు కొలవడం, అద్దాల నంబరు తేల్చడం, శుక్లాలున్నవాళ్ళను గుర్తించి డాక్టరు దగ్గరికి పంపడం నా పని. అద్దాల చీటీ మీద సంతకం నాదే. ఆ సంతకమంటే నాకు కొంచెం గర్వం ఉండేది. రిటైరయ్యాక కూడా తగ్గలేదు.

పరీక్ష సామాన్లతో పాటు నా టేబుల్ మీద ఎప్పుడూ ఒక తెలుగు నవల ఉండేది. డిటెక్టివ్ నవలో, ప్రేమకథో, కాలేజీ పిల్లల అల్లరి కథో. బడిలో కన్నడం నేర్చుకున్నా, మా వంశం వాళ్ళు గుడి సేవలో ఉన్నవాళ్ళు కాబట్టి ఇంట్లో తాత దగ్గర తెలుగు అక్షరాలు దిద్దాను. ఆయన నేర్పింది స్తోత్రాలు చదువుకోవడానికి. నేను వాడుకున్నది హత్యలు ఎవరు చేశారో తెలుసుకోవడానికి. మా జిల్లాలో తెలుగు మాట్లాడేవాళ్ళు వీధి వీధికీ ఉంటారు, చదవగలిగేవాళ్ళు మాత్రం అరుదు. అందుకే నా పుస్తకం నా టేబుల్ మీద భద్రంగా ఉండేది, ఎవరూ ఎత్తుకుపోయేవారు కాదు. ఆసుపత్రిలో నర్సులు మాత్రం వెక్కిరించేవారు, ఈ వయసులో ప్రేమకథలేమిటి మేడమ్ అని. ప్రేమించే వయసు దాటాక కనీసం చదివే వయసైనా ఉండాలి కదా అనేదాన్ని.

చేరిన రెండు మూడు నెలలకు, ఒక గురువారం ఉదయం, గూళూరు నుంచి నారాయణప్ప అనే రైతు తన భార్య సరోజమ్మను తీసుకొచ్చాడు. చేతిలో రెండు పెద్ద బట్టల సంచులున్నాయి. సరోజమ్మకు నలభై మూడు, నలభై నాలుగేళ్ళుంటాయి. ఆరు నెలలుగా తలనొప్పి. కణతల దగ్గర మొదలై కళ్ళ వెనకకు పాకుతుందట, సాయంత్రానికి వాంతి వచ్చేలా ఉంటుందట. అప్పటికి రెండు కంటి శిబిరాల్లో చూపించుకుంది. రెండు చోట్లా రెడీమేడ్ అద్దాలిచ్చారు. రెండూ పెట్టె లోపలే ఉన్నాయి. ఒక ప్రైవేటు డాక్టరు, కంటిలో ఏమీ లేదు, మనసు బాగా లేనట్టుంది అన్నాడట.

"మా యక్క చెప్పింది, మురుగమల్లకు పిల్చుకోని పోండి అని," అన్నాడు నారాయణప్ప. "ఈ పొద్దు ఆడికే పోతాండామమ్మా. దావలో ఇదొకటి చూపించుకోని పోదామని దిగినాము."

మురుగమల్ల దర్గాకు మా వైపు అన్ని కులాలవాళ్ళూ, మతాలవాళ్ళూ పోతారు. వైద్యానికి లొంగని బాధ అనుకుంటే కొన్ని వారాలు అక్కడే ఉండిపోతారు. చిన్నప్పుడు మా అమ్మతో నేనూ పోయాను, దాని మీద నాకు తేలిక భావం లేదు. కానీ మనిషిని అక్కడికి పంపే ముందు నా బల్ల ముందు జరగాల్సిన పని పూర్తిగా జరగాలి.

భర్త చీటీ రాయించడానికి కౌంటర్ దగ్గరికి పోయాక సరోజమ్మ మెల్లగా అడిగింది.

"మేడమ్, మా యమ్మకు నీటికాసులొచ్చి రెండు కండ్లూ పోయినాయి. ఆయమ్మకూ మొదుట్లో తలకాయ నొప్పే. నాకూ పోతాయా? ఉండేది ఉన్నట్టు చెప్పేయండి."

నీటికాసులంటే కంటి లోపల ఒత్తిడి పెరిగి చూపు నరం చచ్చిపోవడం. తల్లికి వస్తే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. ఆమె భయం ఉత్త భయం కాదు. ఆ రోజు డాక్టరుగారు ఉన్న రోజు కావడం అదృష్టం. ముందు ఆయన దగ్గరికే పంపాను. ఒత్తిడి కొలిచి, నరం చూసి, రెండూ బాగున్నాయని రాసి పంపించారు. ఆ మాట చెబితే ఆమె ముఖం విప్పారుతుందనుకున్నాను. విప్పారలేదు. "మల్ల నొప్పి యెందుకొస్తాది?" అంది. సరైన ప్రశ్న. దానికి జవాబు చెప్పాల్సింది నేను.

కంటి పరీక్ష ఎలా సాగుతుందో కొంచెం చెప్పాలి. ముందు దూరపు చూపు. అక్షరాలు రానివాళ్ళకు నాలుగు వైపులకు తిరిగిన గుర్తులుండే పటం చూపించి, ఏ వైపు తిరిగి ఉందో చేత్తో చూపించమంటాం. సరోజమ్మ చివరి వరుస దాకా చూపించింది. తర్వాత కంట్లోకి గీతలాంటి వెలుగు వేసి, లోపలి నుంచి తిరిగి వచ్చే మెరుపును బట్టి కంటి వంపు కొలుస్తాం. ఆమె కళ్ళు కొద్దిగా ఒక పక్కకు వంపు తిరిగి ఉన్నాయి. దాన్ని సరిదిద్దేది సిలిండర్ అద్దం. ముప్పావు సిలిండర్, చాలా తక్కువ. చివరిగా దగ్గర చూపు. ఇక్కడే మేం తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: చదువుతారా?

ఎందుకంటే నలభై దాటాక ఇచ్చే అద్దం మనిషిని బట్టి కాదు, ఆ మనిషి దగ్గరగా చేసే పనిని బట్టి ఉంటుంది. చేటలో బియ్యం ఏరుకునే మనిషికి మూరెడు దూరం కనిపిస్తే చాలు. ముప్పావు సిలిండర్‌ను చదవని మనిషి విషయంలో ఎవరూ పట్టించుకోరు. రెడీమేడ్ అద్దాల్లో సిలిండర్ ఉండదు కూడా. శిబిరాల్లో ఆమెకు ఒకటింబావు నంబరు రెడీమేడ్ ఇచ్చారంటే, ఆ లెక్క ప్రకారం వాళ్ళు చేసింది సరిగ్గానే ఉంది.

"సదువు రాదు మేడమ్," అంది సరోజమ్మ.

అప్పుడే లోపలికి వచ్చిన నారాయణప్ప కూడా రాదనే చెప్పాడు. కదిరి దగ్గర పల్లె నుంచి వచ్చిన పిల్ల, కన్నడం ఒక్క అక్షరం రాదు, అన్నాడు. దగ్గర చూపుకు చదివించే అక్షరాల కార్డు పక్కన పెట్టి సూదిలో దారం ఎక్కించమన్నాను. సంచిలో తెచ్చుకున్న శిబిరం అద్దాలతో ఒక్కసారికే ఎక్కించింది. అన్నీ బాగున్నాయి, నొప్పి మాత్రం ఉంది. ఇలాంటి కేసు నాకు అస్సలు ఇష్టం ఉండదు. నాకు చిరాకెత్తింది. చీటీ మీద ఏం రాయాలో తోచక పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

సంచులు అందుకోవడానికి వంగినప్పుడు సరోజమ్మ కళ్ళు నా బల్ల మీద బోర్లా పెట్టిన నవల మీద పడ్డాయి. అట్ట మీద లైటు స్తంభం కింద నెత్తుటి మరక, పక్కన ఎర్ర చీరలో ఒక అమ్మాయి. సగం దాకా వచ్చాను. ఆ రోజు భోజనాల వేళ మిగతాది చదవాలని ఉదయం నుంచి కాచుకుని ఉన్నాను.

"ఇది బాగుంటాది మేడమ్," అంది. "చంపింది వాళ్ళ చిన్నాయనే. ఆ గడియారం అబద్ధం."

నాకు వచ్చిన కోపం ఇన్నాళ్ళకు చెప్పినా ఎవరికీ అర్థం కాదు. డిటెక్టివ్ నవల చదివేవాళ్ళకు మాత్రం అర్థమవుతుంది. ఆ కోపం దిగడానికి కొంచెం సేపు పట్టింది. దిగాక గానీ ఆమె చెప్పిన దాంట్లో అసలు సంగతి నాకు తట్టలేదు.

"సదువు రాదంటివే!" అని కేకేశాను. వరండాలో ఉన్నవాళ్ళంతా తొంగి చూశారు.

ఆమె బెదిరిపోయింది. "సదువా ఇది? ఉత్త కతలు కదా మేడమ్," అంది.

అబద్ధం చెప్పాలని చెప్పింది కాదు. వాళ్ళింట్లో చదువంటే పిల్లల బడి పుస్తకాలు, కన్నడ పేపరు, ఆఫీసు కాగితాలు. పుట్టింట్లో ఏడో తరగతి దాకా తెలుగు చదివి, పెళ్ళై ఇటు వచ్చాక ఆ అక్షరాలతో ఆమెకు బయట పనేమీ లేకపోయింది. బస్సు బోర్డు కూడా పక్కవాళ్ళను అడిగి ఎక్కాల్సిందే. నవలలు మాత్రం పుట్టింటికి పోయినప్పుడల్లా కదిరిలో పాత పుస్తకాల అంగట్లో కట్టగా కొని తెచ్చుకునేది. నారాయణప్పకు అది తెలుసు. ఆమె పుస్తకం పట్టుకుని పడుకోవడం రోజూ చూస్తాడు. అయినా దాన్ని అతనూ చదువు కింద లెక్క వేయలేదు. నేను అడిగిన ప్రశ్నకు ఇద్దరూ నిజాయితీగా లేదనే చెప్పారు. శిబిరాల్లోనూ అదే ప్రశ్న, అదే జవాబు.

ఎలా చదువుతావో చూపించమన్నాను. సిగ్గుపడుతూనే పరీక్ష మంచం మీద పక్కకు ఒరిగి, ఒక మోచెయ్యి తల కింద పెట్టుకుని, రెండో చేత్తో పుస్తకం పట్టుకుంది. పుస్తకం ముక్కుకు జానెడు దూరంలో ఉంది. రోజూ అంతేనా అని అడిగాను. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక, ఆవుకు నీళ్ళు పెట్టేదాకా అంతే అంది. మూరెడు దూరానికి ఇచ్చిన అద్దం జానెడు దూరంలో పనిచేయదు. అద్దాలు తీసేసి చదివితే ఆ శ్రమంతా కంటి కండరం ఒంటరిగా మోయాలి. దాని మీద సరిదిద్దని కంటి వంపు, సన్న అచ్చు. సూదిలో దారం ఎక్కించడానికి నిమిషం పడుతుంది. నవలకు రెండు గంటలు.

ట్రయల్ ఫ్రేమ్ తీశాను. నంబర్లు మార్చి మార్చి చూడడానికి వాడే బరువైన గుండ్రటి ఇనుప ఫ్రేమ్ అది, పెట్టుకుంటే మనిషి గుడ్లగూబలా కనిపిస్తుంది. సిలిండర్‌తో పాటు జానెడు దూరానికి సరిపడే అద్దం వేసి, సొరుగులోంచి ఒక కాలేజీ ప్రేమకథ తీసి చేతికిచ్చి, వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టాను. నొప్పి మొదలైన క్షణం లోపలికి రావాలి, అదే పరీక్ష అని చెప్పాను. నారాయణప్ప గడియారం చూసుకున్నాడు. మురుగమల్లకు పోవాల్సిన చింతామణి బస్సు పోతుందన్నాడు. ఇంకో బస్సుంది కూర్చో అన్నాను.

ఓపీ అంతా అయిపోయింది. ఆమె లోపలికి రాలేదు. బయటికి పోయి చూస్తే, పెదవులు కదుపుతూ, తనలో తను నవ్వుకుంటూ చదువుతోంది. నొప్పి ఎలా ఉందని అడిగితే తల ఎత్తకుండానే, "రవంత ఉండండి మేడమ్, వాడు ఆ పిల్లకు జాబు ఇయ్యబోతాండాడు," అంది.

నాకు పట్టరానంత సంతోషం కలిగింది. నారాయణప్పకు మాత్రం కలగలేదు. నన్ను పక్కకు పిలిచాడు.

"అంటే ఈ బుక్కుల వల్లనే నొప్పి కదమ్మా? అయితే అద్దాలెందుకు? సదివేది నిలిపించేస్తే సరిపోతాది. వాళ్ళమ్మ మాదిరి అయితే ఏం జేసేది?"

అతను చెడ్డవాడు కాదు. అత్త గుడ్డిదై గోడ పట్టుకుని నడిచిన రోజులు చూసినవాడు. అతనికి దొరికిన వైద్యం అన్నిటికన్నా చవకైనది, వెంటనే పనిచేసేది కూడా. సరోజమ్మ మా మాట వింది. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది.

"నిలిపేయమంటే నిలిపేస్తా మేడమ్," అంది. "కండ్ల కన్నా జాస్తినా? కానీ పొద్దు పుట్టినకాడ్నుంచి పడుకునేదాకా నాదని ఉండేది అదొగటే."

ఆ మాటకు కలిగిన జాలితో నారాయణప్పకు జవాబు చెబితే అతను వినడు. పని భాషలోనే చెప్పాను. చదివితే కళ్ళు పోవు. నీటికాసులకూ చదువుకూ సంబంధం లేదు, దానికి ఏడాదికోసారి ఒత్తిడి కొలిపించాలి, అది చదివినా చదవకపోయినా తప్పదు. నొప్పి పుస్తకం వల్ల కాదు, తప్పు అద్దం వల్ల. "నారాయణప్పా, చెప్పు కరిస్తే నడిచేది నిలిపేస్తావా, చెప్పు మారుస్తావా?" అని అడిగాను.

"చెప్పు మారుస్తా," అన్నాడు. ఆ తర్వాత, "కతలకు కూడా నంబరుంటాదా అమ్మా?" అని అడిగాడు. ఉంటుంది, రాసిస్తాను, అన్నాను.

ఆ రోజు వాళ్ళు మురుగమల్లకు పోయారు. మొక్కుకున్నది తీర్చాలి కదా. కానీ అక్కడ ఉండిపోకుండా సాయంత్రానికే తిరిగొచ్చి, మర్నాడు అంగట్లో అద్దాలకు ఆర్డరిచ్చారు. నెల తర్వాత పరీక్షకు వచ్చినప్పుడు సరోజమ్మకు నొప్పి లేదు. అద్దాల చెవి కాడ వంగి ఉంది, పక్కకు పడుకుని చదివేవాళ్ళకు వంగుతుంది. సరిచేసి, కూర్చుని చదవమని చెప్పాను. వినదని తెలిసే చెప్పాను.

తర్వాత గౌరిబిదనూరులోనూ, రిటైరయ్యేదాకా పనిచేసిన ప్రతి చోటా, చదువుతారా అన్న ప్రశ్నను మార్చేశాను. ఖాళీగా ఉన్నప్పుడు ఏం చేస్తారు, ఎలా కూర్చుని చేస్తారు, చేసి చూపించండి అని అడిగేదాన్ని. ఫోన్‌లో కథలు చదివే కాలేజీ పిల్లలు, దుప్పటి కింద కన్నడ ప్రేమకథలు చదివే టీచరమ్మలు, ఒకసారి ఒక పోలీసు హెడ్ కానిస్టేబుల్, అందరూ ఆ ప్రశ్నకు నిజం చెప్పారు. నా తర్వాత ఈ ఉద్యోగంలోకి వచ్చిన పిల్లలకు కూడా ఇదే నేర్పాను. పని కోసం వాడే చూపుకు ఎంత దూరం కొలుస్తామో, ఇష్టం కోసం వాడే చూపుకూ అంతే జాగ్రత్తగా దూరం కొలవాలి. అడగకపోతే ఎవరూ చెప్పరు. చెప్పకపోతే మనం ఇచ్చే అద్దం పెట్టెలోనే ఉండిపోతుంది.